గోదావరి మీద పడుగు

కరెంటు డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు హన్మకొండలోని మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మేడం, మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద పని ఏది?" అని అడుగుతారు. ఏదో పెద్ద సబ్‌స్టేషన్ పేరు చెబుతానని వాళ్ళ ఆశ. నేను నలభై ఇళ్ళు కూడా లేని ఒక దీవి గురించి మొదలుపెడతాను. మొదట మర్యాదకు తల ఊపుతారు. కాసేపటికి టీ చల్లారిపోతుంది, ఎవరూ లేవరు. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు. ఒకరి పేరు రాస్తే ఇంకొకరి పాలు తగ్గించినట్టవుతుంది, ఆ పనిలో అందరికీ పాలుంది.

నేను వరంగల్ కొత్తవాడలో నేత కుటుంబంలో పుట్టాను. ఇంజనీరింగ్ చదివి, కరెంటు ఉద్యోగంలో చేరి, రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్ళు ఉన్నాయనగా గోదావరి పక్క సబ్‌డివిజన్‌కు బదిలీ అయ్యాను. వెళ్ళిన వారానికే పై అధికారి పిలిచి, నది మధ్యలో ఉన్న దీవికి లైన్ వేయాలన్నారు. నా మీద ఎంత నమ్మకమో అని పొంగిపోయాను. అంతకుముందు ముగ్గురు ఆ పనిని వద్దన్నారని తర్వాత తెలిసింది.

వద్దనడానికి కారణం ఉంది. పాత రోజుల్లో నది ఇసుకలో స్తంభాలు పాతి ఒకసారి లైన్ వేశారు. మొదటి వరదకే అవి కొట్టుకుపోయాయి. మళ్ళీ వేశారు, మళ్ళీ పోయాయి. తర్వాత సోలార్ దీపాలు పంచారు. బ్యాటరీలు చచ్చిపోయాక ఆ పలకల మీద జనం మిరపకాయలు ఎండబెట్టుకున్నారు. ఈసారి ఒడ్డున ఒకటి, దీవిలో ఒకటి ఎత్తైన టవర్లు కట్టి, మధ్యలో నదిని ముట్టుకోకుండా తీగలు లాగాలని ప్లాను.

మొదటిసారి దీవికి వెళ్ళిన రోజు నాతో ఇద్దరున్నారు. ఒకరు మా లైన్ ఇన్‌స్పెక్టర్. కాజీపేట మనిషి, రైల్వే కుటుంబంలో పుట్టి కరెంటు వైపు వచ్చినవాడు. ఎంత ఎత్తు స్తంభమైనా కోతిలా ఎక్కేవాడు కానీ నీళ్ళంటే ప్రాణభయం. ఇంకొకరు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి రైతు బిడ్డ, అప్పుడే ఉద్యోగంలో చేరిన అసిస్టెంట్ ఇంజనీరు. పడవ దగ్గరకు రాగానే ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు.

"మేడం, ధర్మసాగర్ చెరువు కట్ట మీద నిలబడితేనే నాకు కండ్లు తిరుగుతయ్. నేను గీ ఒడ్డు మీది పని చూస్కుంట."

"అన్నా, ఆ ఒడ్డు మీది పని ఎవరు చూస్తరు?"

ఆయన కళ్ళు మూసుకుని పడవెక్కాడు. దీవి చేరేదాకా తెరవలేదు.

పడవ నడిపింది దీవి పెద్దమనిషి. అరవై దాటిన వయసు, మాట్లాడేటప్పుడు కూడా చూపు నీళ్ళ మీదే. మమ్మల్ని దింపి, ఊరికి తీసుకుపోకుండా ముందు దీవి ఉత్తరపు కొసన ఉన్న గడ్డ మీదికి తీసుకుపోయాడు. గోదావరి ఎంత పొంగినా మునగని చోటు అదొక్కటే. అక్కడ కాకతీయుల నాటి చిన్న రాతిగుడి ఉంది, పైకప్పు సగం కూలింది. దాని చుట్టూ మట్టికోట గోడల ఆనవాళ్ళు. కిందికి దిగితే నిజాం కాలంలో పడవల దగ్గర సుంకం వసూలు చేసిన రాతి గది. నీటి అంచున ఒక బండకు, నా చేయి పట్టేంత లావు ఇనుప కడియం.

"గిది ఇంగ్లీషోళ్ళ పొగ పడవలు కట్టేసిన కడెం అమ్మా," అన్నాడు పెద్దమనిషి. "మా తాతల తాత గా పడవలకు దారి చూపిచ్చిండట. అంతకుముందు రాజుల కాలంల దండు దాటాల్నంటే గీన్నుంచే దాటాలె. మావోళ్ళే దాటిచ్చేది."

"ఇంత చరిత్ర ఉన్న ఊరు మ్యాపులో చుక్క కూడా లేదే," అన్నాడు మా కుర్ర ఇంజనీరు.

"చుక్కకేంది బిడ్డా, రేపు ఊరే ఉండేటట్టు లేదు," అన్నాడాయన.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. దీవిలో అందరూ చేపలు పట్టేవాళ్ళు. కరెంటు లేక ఐసు లేదు. ఐసు లేక, పొద్దున పట్టిన చేపను ఎండ ముదరకముందే ఒడ్డున ఉన్న షావుకారు ఎంతంటే అంతకు ఇచ్చేయాలి. బడికి వచ్చిన పంతులు నెల ఉండి బదిలీ చేయించుకుంటాడు. పిల్లనివ్వడానికి ఎవరూ రావడం లేదు. వచ్చే వానాకాలం దాకా చూసి, కరెంటు రాకపోతే అందరూ ఒడ్డుకు లేచిపోవాలని ఊరంతా కూర్చుని తీర్మానం చేసుకున్నారు.

గుడిలో దీపం పెట్టే ఒక అవ్వ అంతదాకా మెట్టు మీద కూర్చుని వింటోంది. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఇంతకుముందు ప్యాంట్లేసుకున్నోళ్ళు మస్తుమంది వచ్చిండ్రు బిడ్డా. చీర కట్టుకున్నదానివి నువ్వే ఫస్టు. నువ్వన్న చేస్తవా, ఫోటోలు దిగి పోతవా?" అంది.

"చేస్త అవ్వా," అన్నాను. ఇంజనీరు నోటి నుంచి అంత తేలిగ్గా రాకూడని మాట అది.

టవర్‌కు చోటు వెతకాల్సిన పనే లేదు. మునగని గడ్డ ఒకటే ఉంది, ప్లానులో కూడా అదే గుర్తు పెట్టారు. చలికాలంలో ఒడ్డు మీది టవర్ లేపి, దీవిలో గడ్డ మీద పునాది తవ్వకం మొదలుపెట్టాం. రెండో రోజు గడ్డపార రాతికి తగిలింది. మట్టి తీసి చూస్తే మనిషి ఎత్తు పలక. దాని మీద ఒక పడవ, పడవలో బల్లెం ఎత్తి నిలబడ్డ మనిషి, పైన సూర్యుడు, చంద్రుడు. యుద్ధంలో చనిపోయినవాళ్ళ పేరున నిలబెట్టే వీరగల్లు. పడవ ఉన్న వీరగల్లును నేనెక్కడా చూడలేదు. పక్కన తవ్వితే అలాంటివే ఇంకో మూడు, వాటి వెనుక కోటగోడ పునాది. మన టవర్ కాళ్ళు సరిగ్గా వాటి మీదే దిగాలి.

కాంట్రాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "మేడం, ఎవలు చూడలే. సాయంత్రానికి కాంక్రీటు పోస్త. ఖతం."

నేను ఊరివాళ్ళనే అడిగాను. వాళ్ళు అడ్డుపడతారనీ, పని ఆపమనడం నాకు సులువవుతుందనీ అనుకున్నాను. పెద్దమనిషి చాలాసేపు రాయిని నిమిరాడు. అవ్వ మాత్రం దాపరికం లేకుండా చెప్పింది.

"పోసెయ్ బిడ్డా. గా సచ్చినాయిన ఇన్నేండ్లు మన్నుల్నే ఉన్నడు, ఇంకిన్నేండ్లు ఉంటడు. నా కండ్లు పోకముందు ఊర్ల కరెంటు బుగ్గ ఎలగాలె."

కుర్ర ఇంజనీరు గుంటలో కూర్చుని రాతి మీది మట్టిని చేతిరుమాలుతో తుడుస్తున్నాడు. ఆ రాతిమనిషి ముఖం కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది. చిన్న వయసు వాడు. కోర మీసం. నేను అక్కడే నిలబడి చూశాను. ఇప్పటిదాకా ఈ దీవిని కాపాడినవాళ్ళు వీళ్ళే. మనం వచ్చింది కూడా ఈ దీవిని నిలబెట్టడానికే. వీళ్ళ నెత్తిన సిమెంటు పోసి ఆ పని చేయడం నాకు మనస్కరించలేదు.

"గుంట పూడ్చకండి. పని ఆపండి. టవర్ కింద లంకలో కడదాం," అన్నాను.

కింద లంక అంటే ప్రతి వరదకూ మునిగే ఇసుక నేల. అక్కడ కట్టాలంటే ఇసుక కింద బండ తగిలేదాకా తవ్వాలి, ఊరే నీళ్ళను తోడుతూ కాంక్రీటు పోయాలి, టవర్ కూడా ఇంకా ఎత్తు ఉండాలి. ఒడ్డుకు వచ్చి పై అధికారికి ఫోన్ చేశాను.

"రాళ్ళ కోసం సీజన్ పోగొడుతున్నావమ్మా. వానలు పడితే పని ఆగుతది. ఆగకున్నా, మొదటి వరదకే నీ టవర్ పోతది. అప్పుడు జవాబు ఎవరు చెప్పాలె?"

"నేనే చెప్తాను సర్."

"రాసిస్తవా?"

"ఇస్తాను సర్."

ఆయన చెడ్డవాడు కాదు. "ఎత్తు పెంచిన డిజైన్ పంపు, సంతకం పెడత," అన్నాడు. పురావస్తు శాఖవాళ్ళకు చెబితే వచ్చి చూసి, రాళ్ళు ఎక్కడివి అక్కడే ఉండాలని చెప్పి పోయారు.

ఆ తర్వాతి నెలలు గుర్తొస్తే ఇప్పటికీ నడుము నొప్పి పుడుతుంది. సిమెంటు, ఇనుము, కంకర, అన్నీ పడవల మీదే. తవ్విన గుంట తెల్లారేసరికి నీళ్ళతో నిండేది. కుర్ర ఇంజనీరు దీవిలోనే మకాం పెట్టి, పగలంతా మోటార్లతో నీళ్ళు తోడించేవాడు. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "మా పోరడు ఇంజనీరు అన్నరు, గదేంది మేడం, బాయి తోడుతాండంట?" అని నన్ను అడిగింది. చివరికి బండ తగిలింది. బండకు రంధ్రాలు వేసి ఇనుము దింపి పునాది పోశాం. టవర్ నిలబడేసరికి ఎండాకాలం పోయింది. అవ్వ నాతో మాట్లాడటం మానేసింది. నేను గుడి వైపు పోతే ముఖం తిప్పుకునేది.

మేము అనుకున్న రోజుల్లో అయితే నదిలో సగం ఇసుక మేటలే, తీగను నడిచి మోసుకుపోయేవాళ్ళం. ఇప్పుడు తొలకరి పడి నీళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డుకు పరుచుకున్నాయి. సరే, మోటారు పడవకు తాడు కట్టి అవతలికి లాగుదాం, తాడు వెనుక తీగ వస్తుంది అని అందరం కలిసి లెక్క వేసుకున్నాం. లెక్క కాగితం మీద బాగానే ఉంది. సగం దూరం పోయేసరికి తాడు బరువుకు మునిగింది. ప్రవాహం దాన్ని విల్లులా వంచి, కింద బండల సందుల్లో ఇరికించింది. ఎంత లాగినా రాలేదు. గట్టిగా లాగితే తెగింది. వెనకాలే నీళ్ళలోకి దిగిన తీగ రాళ్ళకు గీసుకుపోయి పనికిరాకుండా పోయింది. ఒడ్డున మిగిలిన తీగ దీవికి పోవాల్సిన మూడు లైన్లకు సరిగ్గా సరిపోతుంది, ఇంకొక పొరపాటుకు మాత్రం సరిపోదు.

ఆ సాయంత్రం ఒడ్డున ఇసుకలో కూర్చున్నాం. "తీగ నీళ్ళకు తాకనే తాకొద్దు, మేడం. తాకిందా, గంతే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ మాటకు నాకు మా వీధి కళ్ళముందుకు వచ్చింది. మా నాన్న మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలను వీధి ఈ చివర నుంచి ఆ చివరకు సాగదీసి గంజి పట్టించేవాడు. అంత పొడవు పడుగు నేలకు తాకిందంటే మట్టి అంటి పాడైపోతుంది. అందుకని నాలుగడుగులకొకటి వెదురు కర్రలు అడ్డంగా కట్టి నిలబెట్టి, వాటి మీదుగా పడుగును సాగదీసేవారు. ఎక్కడ జారితే అక్కడ పట్టుకోవడానికి పిల్లలం నిలబడేవాళ్ళం. కిందికి జారనిస్తే వీపు విమానం మోత మోగేది.

"అన్నా, ఈ చుట్టుపక్కల పడవలు ఎన్ని దొరుకుతయ్?" అని పెద్దమనిషిని అడిగాను.

"ఎందుకమ్మా?"

ఇసుకలో గీతలు గీసి చూపించాను. నదికి అడ్డంగా పడవలన్నీ వరసగా లంగరు వేసి నిలపాలి. ప్రతి పడవలో మూడు వెదురు బొంగులు కలిపి కట్టి, పైన ఒక కప్పీ బిగించాలి. తాడైనా తీగైనా ఒక కప్పీ మీంచి ఇంకో కప్పీ మీదికి పోవాలి, నీళ్ళను ముట్టుకోకూడదు. ఆయన గీతలను చూసి, నన్ను చూసి, "పెద్దవల దించేటప్పుడు మేం గిట్లనే వరసగ నిలబడ్తం. నిలబెడ్త," అన్నాడు. ఏ పడవ ఎక్కడ, ఏ లంగరు ఎంత బరువు, అంతా ఆయన చూసుకున్నాడు.

రెండు రోజుల్లో దీవి పడవలే కాక అటు ఇటు ఒడ్డుల పడవలూ వచ్చాయి. తీగ లాగే రోజు పొద్దున్నే ఇంకో కబురు వచ్చింది. ఎగువన ప్రాజెక్టు గేట్లు ఎత్తారు, సాయంత్రానికి ఆ నీళ్ళు మా దగ్గరికి వస్తాయి. ఆ రోజు దాటితే ఇక దసరా తర్వాతే. అప్పటికి ఊళ్ళో ఎవరుంటారు?

నడి నది పడవలో తీగ పని తెలిసినవాడు ఒకడుండాలి. ఎవరిని పంపాలా అని నేను చూస్తుండగానే ఇన్‌స్పెక్టర్ ముందుకు వచ్చాడు. నడుముకు రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టుకుని ఉన్నాడు.

"నవ్వకుండ్రి మేడం. జర మా ఇంటామెకు చెప్పకుండ్రి, గంతే."

కుర్ర ఇంజనీరు దీవి టవర్ దగ్గర, నేను ఒడ్డున తీగ చుట్ట దగ్గర. ఫోన్లకు అక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు. ఎర్ర తువ్వాలు ఊపితే ఆగాలి, పచ్చది ఊపితే లాగాలి. దీవిలోని ఆడవాళ్ళు కూడా పడవల్లో కూర్చున్నారు. ఒకరు పడవ పట్టుకుంటే ఒకరు కప్పీ చూసుకోవాలి.

మొదటి తీగ మధ్యాహ్నానికి ముందే దాటింది. రెండోది ఇంకా తొందరగా పోయింది. మూడోది సగం దాటిందో లేదో, నీటి రంగు మారింది. పైనుంచి చెత్త, కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. నడి నది పడవ లంగరు జారింది. పడవ పక్కకు తిరిగింది, వెదురు బొంగులు ఒరిగాయి, తీగ కప్పీలోంచి దూకింది. నేను ఎర్ర తువ్వాలు ఊపుతూ అరిచాను, ఆ హోరులో నా అరుపు నాకే వినపడలేదు.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. పడవలో కూర్చోవడానికే వణికే మనిషి, ఊగుతున్న పడవలో కాళ్ళు ఎడం చేసి నిలబడి, జారుతున్న తీగను భుజం మీదికి తీసుకున్నాడు. ఆయన వెనుక పడవ నడిపేవాడు గెడ వేసి బలమంతా పెట్టి నెడుతున్నాడు. పెద్దమనిషి పక్క పడవ నుంచి తాడు విసిరాడు. అటు నుంచి ఒక పడవ, ఇటు నుంచి ఒక పడవ వచ్చి ఆ పడవను అదిమి పట్టాయి. ఒడ్డుకు వినపడేలా ఇన్‌స్పెక్టర్ తిడుతున్నాడు. గోదావరిని, డిపార్టుమెంటును, నన్ను కూడా. "లాగుండ్రి! ఏం చూస్తాండ్రు, లాగుండ్రి!"

పచ్చ తువ్వాలు ఊపాను. అవతల కుర్ర ఇంజనీరు తీగ లాగే యంత్రం తిప్పించాడు. తీగ బిగుసుకుంది. మెల్లగా ఆయన భుజం మీంచి లేచింది. కప్పీల మీంచి ఒక్కొక్క పడవను వదులుతూ పైకి పోయింది. పడవల్లోని జనమంతా తలలెత్తి చూస్తున్నారు. మూడు తీగలు గోదావరికి అంత ఎత్తున, నీటి చుక్క అంటకుండా, ఒడ్డు నుంచి దీవి దాకా నిలిచాయి. ఎవరో ఈల వేశారు. తర్వాత అందరూ వేశారు. నాకు ఈల వేయడం రాదు, చప్పట్లు కొట్టాను, ఏడ్చాను కూడా.

ఇన్‌స్పెక్టర్ ఒడ్డుకు వచ్చాక ఆయన చొక్కా భుజం దగ్గర చిరిగి చర్మం లేచి ఉంది. పసుపు అద్దబోతే వద్దన్నాడు. "ముందు గీ డబ్బాలు ఇప్పుండ్రి మేడం, ఫోటోల పడ్తయ్," అన్నాడు. సాయంత్రానికి పైనీళ్ళు వచ్చాయి. అప్పటికి ఆఖరి పడవ కూడా గట్టెక్కింది.

కొన్నాళ్ళకు వరద తీసిన తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ దింపి, ఒక మధ్యాహ్నం లైన్‌లోకి కరెంటు వదిలాం. ఊళ్ళో మొదటి స్విచ్ ఎవరు వేయాలి అని ఊరివాళ్ళు నన్ను చూశారు. నేను అవ్వను పిలిచాను. ఆమె రానంటుందని భయపడ్డాను. వచ్చింది.

"షాక్ కొట్టదు గదా?"

"కొట్టదవ్వా."

"నువ్వు పక్కన నిలబడు."

నిలబడ్డాను. ఆమె స్విచ్ వేసింది. పట్టపగలు కాబట్టి బల్బు పెద్దగా తెలియలేదు. కానీ ఊరివాళ్ళు అందరూ కలిసి కొనుక్కున్న ఐసు పెట్టె గుర్రుమని మోగింది. జనం బల్బును వదిలేసి దాని చుట్టూ చేరారు. అవ్వ దాని మీద చేయి పెట్టి, అది అదురుతుంటే నవ్వింది. తర్వాత నా గడ్డం పట్టుకుని, "మాట నిలబెట్టుకున్నవ్ బిడ్డా. రాయినీ నిలబెట్టినవ్, ఊరినీ నిలబెట్టినవ్," అంది. ఊరు లేచిపోలేదు.

అయినా పై అధికారి అన్న మాట నా మనసులో ఉండిపోయింది. మొదటి వరదకే టవర్ పోతుందని కదా ఆయన అన్నాడు. రెండేళ్ళు చిన్న వరదలే వచ్చాయి. నేను రిటైరయ్యాను. ఆ తర్వాతి వానాకాలం గోదావరి విరుచుకుపడింది. టీవీలో ఊళ్ళకు ఊళ్ళు మునుగుతున్నాయి. దీవి జనం పశువులతో సహా గుడి గడ్డ మీదికి చేరారని మాత్రం తెలిసింది. తర్వాత ఫోన్లు కలవలేదు. నేను ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. రాసిచ్చిన మాట నాది. మనుషులు క్షేమంగా ఉన్నారు కదా అని సర్దిచెప్పుకున్నా, ఆ ఇసుకలోని పునాదే కళ్ళముందు ఆడేది.

మూడో రోజు పెద్దమనిషి ఫోన్ చేశాడు.

"అమ్మా, నీళ్ళు తీస్తానయ్. అందరం మంచిగున్నం. అవ్వ గూడ మంచిగున్నది."

"అన్నా, టవర్..."

"నిలబడ్డది! చెట్లొచ్చి గుద్దినయ్ అమ్మా, నేను కండ్లార చూసిన. కదల్లే. మీ పోరడు ఇంజనీరు పడవల వచ్చి అంతా చూసుకుని లైన్ ఇచ్చిండు. గా కరెంటుతోనే ఫోను చార్జ్ పెట్టుకుని మాట్లాడ్తాన."

దారులు బాగుపడగానే బస్సెక్కి వెళ్ళాను. కుర్ర ఇంజనీరు ఒడ్డున ఎదురుచూస్తున్నాడు. ఇప్పుడు కుర్రవాడు అనకూడదు, నా కుర్చీలో ఉన్నాడు. ఇద్దరం లంకలో దిగి టవర్ దగ్గరికి నడిచాం. దాని కాళ్ళకు గడ్డీ గాదమూ చుట్టుకుని ఉన్నాయి. వరద ఎక్కడిదాకా వచ్చిందో ఇనుము మీద ఎర్రమట్టి గీత ఉంది. చేయి చాపినా నాకు అందలేదు, అంత పైన.

"రంగు వేయిస్తున్నాం మేడం, వచ్చే వారం," అన్నాడు.

"అంతటా వేయించు. ఆ గీతను మాత్రం ఉంచు," అన్నాను.

అతను నవ్వి సరేనన్నాడు. రిటైరైన రోజు నాకు శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు, అవన్నీ వాళ్ళంతట వాళ్ళు ఇచ్చినవి. నా సర్వీసు మొత్తంలో నేను నోరు తెరిచి అడిగి తీసుకున్న సన్మానం ఆ మట్టిగీత ఒక్కటే.